పట్టణాల్లో పురుగుమందుల వాడకం తగ్గించి పక్షులను, తేనెటీగలను, కప్పలను బతకనివ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోను, చిన్న పట్టణాల్లోను ఇళ్లు, అపార్టుమెంట్లు, బడులు, పార్కుల బాగోగులు చూసుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. దోమలను, ఎలుకలను భరించమని ఇందులో ఎక్కడా చెప్పడం లేదు. మందు అవసరం లేని చోట మానేయడం, అవసరమైన చోట తక్కువగా, గురి చూసి వాడడం ఎలాగో చెబుతున్నాము.

పురుగుమందులు పొలాల సంగతి కదా, పట్టణాల్లో అంతగా ఎక్కడ వాడుతున్నారు?

పొలంలో మందు కొట్టే రైతుకు ఏ పురుగుకు ఏ మందు, ఎకరానికి ఎంత అనే లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క అప్పుడప్పుడు తప్పవచ్చు, కానీ పట్టణంలో అసలు లెక్కే లేదు. సాయంత్రం వీధిలో పొగ వదిలే ఫాగింగ్ యంత్రం, వంటింట్లో బొద్దింకల స్ప్రే, పునాదుల్లో చెదల మందు, అపార్టుమెంటు లాన్‌లో కలుపు మందు, దుకాణం షట్టరు పక్కన ఎలుకల మందు బిళ్ల, మిద్దెతోటలో పిచికారీ, ఇవన్నీ వేర్వేరు చేతుల్లోంచి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అదే నేల మీద పడుతున్నాయి. నేలంతా సిమెంటు కప్పేసి ఉండడంతో వాన పడినప్పుడు ఆ నీరు ఇంకే చోటు లేక నాలాల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి పోతుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్ జాతి మందులు మనుషులకు కొంత తక్కువ ప్రమాదకరమైనవే అయినా చేపలకు, తేనెటీగలకు చాలా విషపూరితమైనవి.

వీటివల్ల దెబ్బతినేది ఏ జీవులు?

ముందుగా పురుగులను తిని బతికేవన్నీ దెబ్బతింటాయి. పిచ్చుక గింజలు తినే పక్షి అని మనకు తెలుసు గాని, గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో తల్లిదండ్రులు తెచ్చి పెట్టేది మెత్తని పురుగులను. చుట్టుపక్కల పురుగులు లేకపోతే, ఎన్ని వరికంకులు వేలాడదీసినా, ఎన్ని చెక్క గూళ్లు కట్టినా పిల్లలు ఎదగవు. దసరానాడు చూడాలని మనం వెతుక్కునే పాలపిట్టకు మిడతలు, పేడపురుగులే ఆహారం. సంధ్యవేళ వీధిదీపాల చుట్టూ తిరిగే చిన్న గబ్బిలాలు, గోడ మీది బల్లులు, వానాకాలపు కప్పలు, సాలీళ్లు, తూనీగలు, అన్నీ మనం చంపాలనుకునే పురుగులనే తింటాయి. పురుగులు వారాల్లో మళ్లీ పెరుగుతాయి. వాటిని తినేవి అంత త్వరగా కోలుకోవు. మందు కొట్టిన చోట మళ్లీ మళ్లీ మందు కొట్టాల్సి రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఫాగింగ్ ఆపేస్తే డెంగీ, మలేరియా పెరగవా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అడగడం న్యాయమే. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయిన బిడ్డను ఆసుపత్రిలో చూసుకున్న తల్లికి తూనీగల గురించి చెప్పడం తేలిక కాదు. అందుకే ఫాగింగ్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో స్పష్టంగా తెలుసుకోవాలి.

ఫాగింగ్ పొగ అంటే సాధారణంగా డీజిల్‌లో కలిపిన మలాథియాన్ లేదా పైరెత్రమ్ వంటి మందు. ఆ పొగ తగిలిన క్షణంలో గాలిలో ఎగురుతున్న పెద్ద దోమలు మాత్రమే చస్తాయి. నీటిలో ఉన్న గుడ్లకు, లార్వాలకు ఏమీ కాదు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వేసవి, వానాకాలాల్లో వారం పది రోజులు చాలు కాబట్టి, నీటి నిల్వలు అలాగే ఉంటే త్వరలోనే కొత్త దోమలు తయారవుతాయి. పైగా డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ పగటిపూట కుడుతుంది, ఇంటి లోపల మంచం కింద, బట్టల వెనుక, బీరువా సందుల్లో దాక్కుంటుంది. పొగబండి రాగానే మనం తలుపులు, కిటికీలు మూసుకుంటాము. ఆ దోమ మనతోపాటు లోపలే సురక్షితంగా ఉంటుంది. బయట ఉన్న చిమ్మటలు, అక్షింతల పురుగులు, సాలీళ్లు మాత్రం పొగలో చిక్కుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇటువంటి పొగను వ్యాధి ప్రబలిన అత్యవసర పరిస్థితుల్లో వాడమని చెబుతుంది గాని, రోజువారీ అలవాటుగా చేయమనదు. కేసులు వచ్చిన ఇంటి చుట్టూ, ఆరోగ్య సిబ్బంది నిర్ణయం ప్రకారం ఫాగింగ్ జరిగితే దానిని అడ్డుకోవద్దు. కేసులే లేని కాలనీలో వారానికోసారి పొగ పెట్టించమని ఒత్తిడి చేయడాన్ని మానుకోవాలి.

డెంగీని నిజంగా తగ్గించే పని మన పెరట్లోనే ఉంది. ఈడిస్ దోమ మురుగు కాలువలో గుడ్లు పెట్టదు. ఇంటి చుట్టూ నిలిచే మంచినీళ్లు దానికి కావాలి. వాడకుండా పెరట్లో పడేసిన రోలు, కొబ్బరి చిప్ప, పాత టైరు, ఎయిర్ కూలర్, ఫ్రిజ్ వెనుక ట్రే, కుండీల కింది పళ్లేలు, మనీప్లాంటు సీసా, మూత సరిగా పడని నీళ్ల డ్రమ్ము, టెర్రస్ మీద కట్టుబడి పనికి పెట్టుకున్న తొట్టి, వీటిని వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి. ఊరికే నీళ్లు పారబోస్తే సరిపోదు. ఈ దోమ గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, పాత్ర లోపలి గోడకు అంటిస్తుంది. నీళ్లు లేకపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. అందుకే గట్టి బ్రష్‌తో లోపలి అంచు చుట్టూ రుద్ది కడగాలి. ఆరోగ్య కార్యకర్తలు శుక్రవారం ‘డ్రై డే’ పాటించమని ఇంటింటికీ తిరిగి చెప్పేది దీనికోసమే. హైదరాబాదులో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అన్న ప్రచారం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

ఇక మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమల సంగతి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నని నైలాన్ వల కట్టడం, కాలువలో పూడిక తీయించడం, నీరు పారేలా చూడడం చాలా వరకు పనిచేస్తాయి. పూడిక తీయడం వెంటనే కుదరని చోట బీటీఐ అనే బాక్టీరియా మందు చల్లమని మున్సిపాలిటీని కోరవచ్చు. అది ప్రధానంగా దోమ లార్వాలను, వాటికి దగ్గరి జాతుల లార్వాలను చంపుతుంది, చేపలకు, కప్పలకు హాని చేయదు.

నిలిచిన నీటిని తొలగించి దోమలను తగ్గించడం కొత్తగా కనిపెట్టిన మార్గం కాదు. ఆడ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాదులోనే. ఆ తరువాత ఆయన ఎక్కువగా ప్రచారం చేసింది దోమలు పుట్టే నీటి గుంటలను లేకుండా చేయడం గురించి.

మా కాలనీ పక్కన కుంట ఉంది. అందులో గంబూసియా చేపలు వదలవచ్చా?

సొంతంగా వదలవద్దని మా సలహా. గంబూసియా అమెరికా ఖండానికి చెందిన చేప. 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ లార్వాలను తింటుందనేది నిజమే, అయితే కప్పల గుడ్లను, తోకకప్పలను, ఇతర చిన్న చేపల పిల్లలను కూడా తింటుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దీని పేరు ఉంది. నాలుగు గోడల మధ్య ఉన్న సిమెంటు తొట్టిలో వదిలితే అది అక్కడే ఉంటుంది. వానకు పొంగి చెరువులో కలిసే కుంటలో వదిలితే వెనక్కి తీయలేము. గుర్రపుడెక్క తొలగించి, మురుగు కలవకుండా ఆపిన కుంటలో స్థానిక చేపలు, తూనీగ పిల్లలు, నీటి నల్లులు దోమలను అదుపులో ఉంచగలవు. తూనీగ పిల్ల నెలల తరబడి నీళ్లలోనే ఉండి లార్వాలను తింటుంది, పెరిగి రెక్కలు వచ్చాక గాలిలో దోమలను పడుతుంది. కుంటలో వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే దోమ లార్వాలతోపాటు ఇవి కూడా చచ్చిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

పక్షులకు పెట్టే నీళ్ల పళ్లెంలో దోమలు పెరగవా?

రెండు రోజులకొకసారి పారబోసి, అంచులు రుద్ది కడిగి, కొత్త నీళ్లు పోస్తే పెరగవు. అంత వీలు లేకపోతే పళ్లెం పెట్టకపోవడమే మంచిది.

కరివేపాకు, నిమ్మ మొక్కలను గొంగళి పురుగులు తినేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

ముందు ఆకును తిప్పి దగ్గరగా చూడండి. ఆకు మీద పక్షి రెట్టలా నలుపు, తెలుపు కలిసిన చిన్న మచ్చ కనిపిస్తే అది నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. రెట్ట అనుకుని పక్షులు వదిలేయాలని దానికా వేషం. కాస్త పెద్దదయ్యాక చర్మం విడిచి ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి చీలిన నాలుకలాంటి అవయవాన్ని బయటికి తీస్తుంది, ఘాటైన వాసన వస్తుంది. మనిషికి ఏ హానీ చేయదు. రెండు మూడు వారాల్లో ప్యూపాగా మారి, ఆ తరువాత సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. బాగా ఎదిగిన కరివేపాకు చెట్టుకు ఈ పురుగుల వల్ల ప్రాణం పోదు, కొద్ది రోజుల్లో కొత్త చిగురు వేస్తుంది. కుండీలోని లేత మొక్కయితే పురుగులను ఆకుతోపాటు తుంచి పెద్ద చెట్టు మీదకి మార్చండి. పైగా, రేపు చారులోకో పచ్చడిలోకో వెళ్లే ఆకు మీద మందు ఎందుకు?

జిల్లేడు మీద చారల పురుగులు కనిపించినా వాటిని వదిలేయండి. సీతాకోకచిలుకలు కావాలనుకునేవారు పూలమొక్కలు పెంచితే చాలదు. పిల్లలు తినే ఆకులను కూడా వాటికి కొంత వదలాలి.

మందారానికి పిండినల్లి, చిక్కుడుకు పేనుబంక పట్టింది. వేపనూనె వాడితే సురక్షితమేనా?

వేపనూనె కంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. తీవ్రంగా పట్టిన కొమ్మలు కత్తిరించి సంచిలో మూసి పారేయండి. మిగతా చోట్ల పైపుతో నీళ్లు గట్టిగా కొడితే పేనుబంక చాలావరకు రాలిపోతుంది. పిండినల్లిని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడవవచ్చు. చీమలు కాండం మీద బారులు తీరి ఉంటే వాటి దారిని కూడా ఆపాలి, ఎందుకంటే పేనుబంక, పిండినల్లి విడిచే తియ్యని జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తూ, తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి.

ఇన్ని చేసినా తగ్గకపోతే లీటరు నీటికి సుమారు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కొద్దిగా సబ్బునీళ్లు కలిపి, తేనెటీగలు ఇంటికి చేరిన సాయంత్రం వేళ, పురుగు ఉన్న కొమ్మ మీద మాత్రమే కొట్టండి. వేప మనదే, చెట్టు నుంచి వచ్చినదే, కానీ అది కూడా పురుగుల ఎదుగుదలను ఆపే మందే. దానిని తోట మొత్తానికి, వారం వారం ‘ముందుజాగ్రత్తగా’ కొట్టడం సరైనది కాదు. ఆకు మీద ముదురు రంగులో మొసలిపిల్ల ఆకారంలో, నారింజ మచ్చలతో పాకే పురుగు కనిపిస్తే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పెద్దదానిలాగే పేనుబంకను తింటుంది. దానిని చీడ అనుకుని చంపేవారు చాలామంది ఉన్నారు.

ఎలుకల మందు పెట్టకపోతే ఎలా?

ఎలుకల మందు విషయంలో మా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. మన దగ్గర బిళ్లల రూపంలో ఎక్కువగా అమ్మే బ్రోమడయలోన్ వంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా, పగటిపూట కూడా బయట తిరుగుతూ సులభంగా దొరుకుతుంది. దానిని గుడ్లగూబ పట్టుకుంటుంది, గద్ద ఎత్తుకుపోతుంది, వీధి పిల్లి తింటుంది. ఆ విషం వాటి కాలేయంలో చేరి పేరుకుంటుంది. ఎలుకలను జీవితాంతం ఉచితంగా పట్టే పక్షిని, ఒక ఎలుక కోసం పెట్టిన మందు చంపుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ కారణంతోనే 2021 నుంచి ఈ కోవలోని శక్తిమంతమైన మందుల సాధారణ వాడకాన్ని ఆపింది.

తిండి, చోటు దొరికితేనే ఎలుక ఉంటుంది. చెత్తడబ్బాకు మూత, మురుగు రంధ్రాలకు ఇనుప జాలీ, తలుపు కింది సందుకు రేకు, గోడలో పైపులు దూరే చోట సిమెంటు, ఇవి ముందు చేయాలి. పెన్సిల్ దూరేంత సందు చుంచెలుకకు చాలు. తరువాత బోను లేదా స్ప్రింగు ఉచ్చు. జిగురు అట్టలు వాడవద్దు. వాటికి బల్లులు, ఉడుతలు, పిచ్చుకలు కూడా అతుక్కుని గంటల తరబడి యాతనపడి చస్తాయి.

పాములు వస్తాయని భయం. ఆవరణ చుట్టూ మందు చల్లవచ్చా?

కార్బాలిక్ ఆమ్లం, ఫినాయిల్, కిరోసిన్ చల్లితే పాములు రావన్న నమ్మకానికి ఆధారం లేదు. అవి నేలలోని కప్పలకు, వానపాములకు హాని చేస్తాయి. పాము ఎలుకల కోసం వస్తుంది, కాబట్టి పైన చెప్పిన శుభ్రతే దీనికీ మందు. ఇళ్ల దగ్గర తరచుగా కనిపించే జెర్రిపోతు విషం లేనిది. పాము ఇంట్లోకి వస్తే కొట్టకుండా, దూరంగా నిలబడి దానిపై కన్నేసి ఉంచి, పాములను పట్టి వదిలేవారిని పిలవండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏళ్ల తరబడి ఈ పని చేస్తోంది.

మా అపార్టుమెంటు బాల్కనీ కింద పెద్ద తేనెపట్టు ఉంది. స్ప్రే కొట్టించమంటున్నారు.

మందు కొడితే వెంటనే జరిగేది ఏమిటంటే, చావని ఈగలు రెచ్చిపోయి దారినపోయేవారిని కుడతాయి. కొన్ని గంటలకు చచ్చిన ఈగలు, విషం కలిసిన తేనె నేల మీద పడతాయి. దానిని నాకిన చీమలు, ఈగలు, వాటిని ఏరుకున్న పక్షులు కూడా విషానికి గురవుతాయి. ఆ తేనెను మనుషులు తినకూడదు. ఎత్తయిన భవనాలకు పట్టే పెద్ద తేనెటీగలు ఒకచోట స్థిరంగా ఉండవు. పూల కాలం అయిపోగానే పట్టును వదిలి వలసపోతాయి. మనుషులు చేరని ఎత్తులో ఉంటే అటువైపు దీపం ఆపి, కిటికీ మూసి, ఆ కాలం గడవనివ్వడం మేలు. పిల్లలు ఆడే చోట, లిఫ్టు గది దగ్గర ఉంటే తప్పకుండా తొలగించాలి. ఆ పని తేనెటీగల పెంపకం తెలిసినవారి చేత, పొగతో, రాత్రి వేళ చేయించండి. ఖాళీ అయిన చోటును శుభ్రంగా గీకి కడిగితే మళ్లీ అక్కడే పట్టే అవకాశం తగ్గుతుంది.

ఫుట్‌పాత్‌లు, ఆటస్థలాల్లో కలుపు మందు కొట్టవచ్చా?

కొట్టకూడదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. వాచ్‌మన్‌కు పంపు ఇచ్చి కొట్టించడం ఆ ఉత్తర్వుకు విరుద్ధం. దారి మధ్యలో, మెట్ల దగ్గర పెరిగినదాన్ని పారతో గీకించండి. గోడల వెంట గడ్డి చామంతి, గలిజేరు పెరిగితే ఉండనివ్వండి, చిన్న సీతాకోకచిలుకలకు, తేనెటీగలకు ఏడాది పొడుగునా తేనె దొరికేది వాటిలోనే. వయ్యారిభామ మాత్రం ఆస్తమా, చర్మపు దద్దుర్లు తెచ్చే మొక్క. పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని, వేరుతో సహా పీకేయాలి. వాన పడిన మరునాడు తడి నేలలో అయితే తేలికగా వస్తుంది.

బొద్దింకలు, చెదల సంగతి?

బొద్దింకలకు గదంతా స్ప్రే కొట్టడం కంటే సందుల్లో చిన్న చుక్కలుగా పెట్టే జెల్ మేలు. అందులో మందు చాలా తక్కువ, గాలిలో కలవదు, బొద్దింకలు దానిని తమ గూటికి తీసుకుపోతాయి. చెదల విషయంలో తేమ ఆపడం ముఖ్యం. నేలలో మందు పోయించక తప్పకపోతే బోరు ఎక్కడుందో ముందు చూసుకోండి.

పెస్ట్ కంట్రోల్ వాళ్లను ఏమి అడగాలి?

లైసెన్సు, మందు పేరు, ఎంత కలుపుతారు, ఎక్కడ కొడతారు, ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. చెప్పడానికి ఇష్టపడనివారిని పిలవకండి. నెలనెలా కొట్టే వార్షిక ఒప్పందం కన్నా, ముందు వచ్చి చూసి, పురుగు ఉన్న చోటే పనిచేసే ఒప్పందం అడగండి.

డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో అడుగు సగం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కానీ ఆ రంగు మనుషులవంటి క్షీరదాలకు ఎంత విషమో మాత్రమే చెబుతుంది. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన తేనెటీగలకు, చేపలకు సురక్షితమని అర్థం కాదు. దానికి లేబుల్ మీది చిన్న అక్షరాలు చదవాలి. పంటల కోసం అమ్మే మందును ఇంట్లో వాడడానికి ఒప్పుకోకండి.

మందులు మానేసిన ఊళ్లు నిజంగా ఉన్నాయా?

ఫ్రాన్సులో 2014లో వచ్చిన చట్టం ప్రకారం 2017 నుంచి ప్రభుత్వ సంస్థలు పార్కుల్లో, రోడ్ల పక్కన రసాయన పురుగుమందులు వాడడం ఆగిపోయింది, 2019 నుంచి ఇళ్ల తోటల్లో కూడా నిషేధించారు. ఐరోపా సమాఖ్య తేనెటీగలకు హాని చేసే మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట వాడకుండా 2018లో నిషేధించింది. అంత దూరం వెళ్లనక్కరలేదు. పత్తి పొలాల్లో విపరీతంగా మందులు వాడి అప్పులపాలైన అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2000ల తొలి ఏళ్లలో పురుగుమందులు మానేశారు. దిగుబడే జీవనాధారమైన రైతు చేయగలిగిన పనిని, కుండీలు, లాన్‌లు ఉన్న పట్టణవాసి చేయలేడని మేము అనుకోము.

అపార్టుమెంటు సంఘంలో ఎక్కడ మొదలుపెట్టాలి?

బిల్లుల దగ్గర మొదలుపెట్టండి. పోయిన ఏడాది ఏ మందులకు, ఎన్నిసార్లు, ఎంత చెల్లించారో ఒక కాగితం మీద రాసి సమావేశంలో పెట్టండి. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా క్యాలెండర్ ప్రకారం కొట్టినవి అందులో ఎన్నో కనిపిస్తాయి. వాటిని మొదట మానండి. ఆ డబ్బుతో ట్యాంకు మూతలు, కిటికీ జాలీలు, గొట్టాలకు వలలు వేయించండి. వారానికి ఒకసారి నీటి నిల్వలు చూసే పనిని ఒక్కొక్క బ్లాకుకు ఒకరికి అప్పగించండి. పిల్లలు ఈ పనిని పెద్దలకంటే శ్రద్ధగా చేస్తారు. మీ ఆవరణలో ఎవరికైనా డెంగీ వస్తే మున్సిపాలిటీకి వెంటనే తెలపడం కూడా ఈ ప్రణాళికలో భాగమే.

ఇంట్లో పాత మందు డబ్బాలు ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

సింకులో, టాయిలెట్‌లో, కాలువలో పోయకండి, కాల్చకండి, ఖాళీ డబ్బాలో నీళ్లు గాని సరుకులు గాని పెట్టకండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పురుగుమందు డబ్బాలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించాయి. విడిగా సంచిలో కట్టి, పైన పేరు రాసి, చెత్త సేకరించేవారికి చెప్పి ఇవ్వాలి. నల్లుల కోసం ఒకప్పుడు చాలా ఇళ్లలో వాడిన డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అటువంటిది అటక మీద మిగిలి ఉంటే ‘అయిపోయేదాకా’ వాడకండి. ఎవరైనా మందు మింగినా, పీల్చి అస్వస్థులైనా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కు ఫోన్ చేయండి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను లేదా దాని లేబుల్‌ను వెంట తీసుకువెళ్లండి.